గేరు రాడ్డు మార్చాక వచ్చే మోత ఎక్కడిది?

విశాఖలో హనుమంతవాక జంక్షన్ దాటి ఎండాడ వైపు ఎత్తెక్కుతుంటే, మూడో గేరులో 2600 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరికి రాగానే గేరు రాడ్డు దగ్గర జుర్రుమని ఒక మోత మొదలయ్యేది. 2800 దాటితే ఆగిపోయేది. అప్పటికి కారులో షార్ట్ షిఫ్టర్ (చెయ్యి తక్కువ దూరం కదిపితేనే గేరు పడేలా చేసిన గేరు రాడ్డు సెట్టు) వేయించి వారమైంది. గేరు పడే తీరు ఎంత బాగుందంటే, సిరిపురం ట్రాఫిక్‌లో కూడా గేర్లు మార్చడం ఇష్టంగానే ఉండేది. మోత మాత్రం భరించలేకపోయాను. ఇంట్లోవాళ్లు బండెక్కితే ఏదో ఊడిపోతోందని కంగారు పడేవాళ్లు. బిగించిన షాపువాళ్లు "కొత్తది కదా, నాలుగు రోజులు తిరిగితే సెట్ అవుతుంది" అన్నారు. నెల తిరిగినా సెట్ కాలేదు.

షిఫ్టర్ మార్పించుకున్న చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. అందరికీ ఒకటే అనుమానం: కొత్త పార్టు నాసిరకమా, గేరుబాక్సు పోయిందా? ఎక్కువసార్లు రెండూ కాదు. ఒక రకం మోత షిఫ్టర్ దగ్గరే పుడుతుంది. ఇంకో రకం ఇంజిన్‌లోనో గేరుబాక్సులోనో ఎప్పటినుంచో ఉన్నదే, కొత్త షిఫ్టర్ గుండా పైకి ఎక్కి వస్తుంది. ఈ రెండింటినీ విడదీయకుండా పానా పట్టుకుంటే పని చెడుతుంది. ఎందుకంటే ఒకదానికి మందు రెండోదానికి విషం. దగ్గరే పుట్టే మోతకు లూజు తీసేయాలి, బిగించాలి. ఎక్కి వచ్చే మోతకు మధ్యలో మెత్తదనం పెట్టాలి. ఎక్కి వచ్చే మోతకని అన్నీ గట్టిగా బిగిస్తే అది ఇంకా పెరుగుతుంది. దగ్గర పుట్టే మోతకని స్పాంజి కుక్కితే, వినపడటం తగ్గుతుందిగానీ లోపల అరగడం ఆగదు.

రబ్బరు ఎందుకు పెట్టారు

గేరు రాడ్డు పని ఏతం పనే. మధ్యలో ఒక ఇరుసు, పైన పొడుగు చేయి, కింద పొట్టి చేయి. పైన మనం పట్టుకుంటాం, కింద చివర కేబులో కమ్మీయో కదులుతుంది. ఇరుసు నుంచి నాబ్ (చేత్తో పట్టుకునే పిడి) వరకు 200 మిల్లీమీటర్లు, ఇరుసు కింద 40 మిల్లీమీటర్లు ఉందనుకోండి. కింద ఒక మిల్లీమీటరు కదలాలంటే పైన ఐదు కదపాలి. షార్ట్ షిఫ్టర్‌లో ఇరుసును పైకి జరుపుతారు, లేదా కింది చేయిని పొడుగు చేస్తారు. కింది చేయి 52 మిల్లీమీటర్లు అయితే, పైన ఐదు బదులు 3.85 కదిపితే చాలు. చెయ్యి కదిలే దూరం దాదాపు 23 శాతం తగ్గింది. దానికి బదులుగా పెట్టాల్సిన బలం 30 శాతం పెరిగింది. ఆ అదనపు బలమంతా ఇరుసు బుష్షు (ఇరుసు చుట్టూ తొడిగే చిన్న గొట్టం ముక్క) మీద, కింది బ్రాకెట్ మీద పడుతుంది. కంపెనీ రాడ్డుతో పదేళ్లు నడిచిన బుష్షు ఇక్కడ తొందరగా అరగడానికి ఇదొక కారణం.

ఇక రబ్బరు సంగతి. ఇంజిన్, గేరుబాక్సు రెండూ కలిసి రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా అవి ముందుకీ వెనక్కీ ఊగుతాయి. మనం కూర్చునే బాడీ దాకా ఆ ఊపు రాకూడదనే ఆ ఏర్పాటు. సైలెన్సర్ గొట్టం కూడా రబ్బరు కొక్కేలకే వేలాడుతుంది. అన్నిటినీ అలా విడదీశాక, గేరుబాక్సుకీ మన అరచేతికీ మధ్య నేరుగా నడిచే వంతెన ఒకటి మిగిలిపోతుంది. అదే గేరు లింకేజీ. అందుకే ఆ దారి పొడుగునా కంపెనీవాళ్లు మెత్తదనం పెడతారు: రాడ్డు గుండు కూర్చునే ప్లాస్టిక్ గిన్నె, బ్రాకెట్ కింద రబ్బరు బుష్షులు, కేబుల్ చివర్లలో రబ్బరు కళ్లు, కేబుల్ తొడుగును పట్టుకునే చోట రబ్బరు గ్రొమెట్ (కన్నం అంచుకు వేసే రింగు), కొన్ని బండ్లలో రాడ్డు పై సగానికీ కింది సగానికీ మధ్య కూడా రబ్బరు. వీటిని ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టినవని కొందరు తీసిపారేస్తారు. నిజానికి బండి నిశ్శబ్దంగా ఉండటానికి కావాలని పెట్టినవి అవి.

షిఫ్టర్ కిట్లు అమ్మేవాళ్లు ఈ రబ్బరునే తీసి ఇత్తడి, అల్యూమినియం, గట్టి పాలీయూరిథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్) పెడతారు. రబ్బరు నొక్కుకుపోయే ఆ కాస్త కదలిక పోతుంది కాబట్టి గేరు "టక్"మని పడినట్టు చేతికి తెలుస్తుంది. చేతికి ఆ కబురు తెచ్చే దారే అదురును కూడా తెస్తుంది. ఒకటి కావాలి, రెండోది పూర్తిగా వద్దు అంటే కుదరదు. ఎంత మేరకు ఒప్పుకోవాలన్నదే మన చేతిలో ఉంది.

బండి రకాన్ని బట్టి కూడా ఇది మారుతుంది. పాత జిప్సీలో రాడ్డు నేరుగా గేరుబాక్సు నెత్తినే ఉంటుంది, అందుకే న్యూట్రల్‌లో నిలబెట్టినా రాడ్డు ఊగుతుంటుంది. మారుతి 800లో గేరుబాక్సు ముందు ఉంటే, అక్కణ్ణుంచి ఇనుప కమ్మీలు వెనక్కి వస్తాయి. ఇప్పటి ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో ఎక్కువగా రెండు కేబుళ్లు ఉంటాయి. ఒకటి ముందు వెనకలకు, ఇంకోటి కుడి ఎడమలకు. కమ్మీ కన్నా కేబుల్ అదురును తక్కువ మోస్తుంది. కాబట్టి కేబుల్ కారులో షిఫ్టర్ మార్చాక పెద్ద మోత వస్తే, ముందు అక్కడే పుట్టిందేమో చూడాలి.

చేత్తో, చెవితో

గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. చిన్న షెడ్డు, ఒక లేతు మిషన్, గోడకి వేలాడదీసిన పానాలు. ఆయన బండి కింద దూరలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్‌ను మెల్లగా పెంచుతూ 2600 దగ్గర కాలు నిలబెట్టారు. మోత మొదలైంది. రెండు వేళ్లతో నాబ్‌ను ఎడమకి కొంచెం నొక్కారు. ఆగింది. వదిలారు, మళ్లీ వచ్చింది. నాబ్ తిప్పి తీసేశారు. మోత తీరు కొంచెం మారిందిగానీ పోలేదు. తోలు తొడుగు పైకి లాగి, మొబైల్ లైట్ వేసి, రాడ్డును మధ్యకి లాగే స్ప్రింగు మీద వేలు పెట్టారు. పూర్తిగా ఆగిపోయింది.

"బాబూ, ఇది కింద గేరుబాక్సుది కాదు, ఇదిగో ఇక్కడే గీసుకుంటంది, సూడండి" అన్నారు. నల్లటి అల్యూమినియం బ్రాకెట్ మీద స్ప్రింగు కాలు తగిలే చోట వెంట్రుకంత సన్నగా వెండిలా మెరుస్తున్న గీత. నెల రోజుల్లో అంత అరిగింది. పాత షిఫ్టర్‌లో ఆ స్ప్రింగు కాలికి ఒక చిన్న ప్లాస్టిక్ తొడుగు ఉండేదట. మార్చేటప్పుడు అది ఎక్కడో పడిపోయింది.

ఆయన చేసిన పరీక్షలు ఎవరైనా ఇంటి ముందు చేసుకోవచ్చు. వాటి వెనకున్న లెక్క ఏమిటంటే, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక చుట్టుకి రెండుసార్లు ఇంధనం పేలుతుంది. 2600 ఆర్‌పీఎం అంటే సెకనుకి దాదాపు 43 చుట్లు, అంటే సెకనుకి సుమారు 87 తోపులు. మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే అదే వేగంలో దాదాపు 65. ఏ లూజు వస్తువుకైనా తనదైన ఒక ఊగే వేగం ఉంటుంది. ఇంజిన్ తోపు దానికి కలిసినప్పుడు అది బిగ్గరగా మోగుతుంది, దాటిపోగానే ఊరుకుంటుంది. అందుకే ఒక సన్నటి ఆర్‌పీఎం పరిధిలోనే వచ్చి, నిలబెట్టిన బండిలో కూడా వినపడి, వేలు పెడితే ఆగే మోత దాదాపు ఎప్పుడూ దగ్గరే పుట్టిన మోత. నాబ్ తీస్తే తీరు మారడానికి కారణం కూడా ఇదే. రాడ్డు చివర బరువు తగ్గితే ఊగే వేగం పెరుగుతుంది. బరువైన నాబ్ వేస్తే మోత పోయిందని కొందరు సంతోషపడతారు. అది పోదు, చాలాసార్లు వేరే ఆర్‌పీఎంకి జరుగుతుంది, అంతే. నాబ్ మరలు సరిపోయాయో లేదో కూడా చూడండి. హోండా రాడ్డుకి ఎం10 సైజు (అంటే 10 మిల్లీమీటర్ల లావు), మరకీ మరకీ మధ్య 1.5 మిల్లీమీటర్లు. టయోటాకి ఎం12, 1.25 మిల్లీమీటర్లు. అడాప్టర్‌తో సరిపెట్టిన నాబ్ లోపల వదులుగా ఉంటే, అదొక్కటే గిలక్కాయలా మోగడానికి చాలు.

ఇక రెండో రకం. ఎక్కి వచ్చే మోత జుర్రుమనదు, ఊళ పెట్టినట్టో గొంతులో కూనిరాగం తీసినట్టో ఉంటుంది. రాడ్డు పట్టుకున్నా ఆగదు, అరచేతిలో సన్నగా తిమ్మిరెక్కినట్టు తెలుస్తుంది. బండి కదులుతున్నప్పుడే ఎక్కువ, వేగంతో పాటు పెరుగుతుంది. రుషికొండ నుంచి భీమిలి వెళ్లే రోడ్డులో ఖాళీగా ఉన్న చోట, స్థిరమైన వేగంలో వెళ్తూ క్లచ్ తొక్కి ఇంజిన్‌ను ఐడిల్‌కి (యాక్సిలరేటర్ వదిలేశాక ఉండే కనిష్ఠ వేగానికి) రానివ్వండి. రెండు మూడు సెకన్లు చాలు, వెనక ఎవరూ లేనప్పుడే. మోత ఇంజిన్‌తో పాటు పడిపోతే అది ఇంజిన్ వైపుది. బండి వేగానికే అంటిపెట్టుకుని ఉంటే గేరు పళ్లదీ, డిఫరెన్షియల్‌దీ (రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు), టైర్లదీ కావచ్చు. గేరు పళ్ల ఊళ ఇంజిన్ అదురు కన్నా చాలా సన్నటి స్వరంలో ఉంటుంది. 30 పళ్ల గేరు సెకనుకి 40 చుట్లు తిరిగితే, పళ్లు సెకనుకి 1200 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయి. రివర్స్‌లో ఈ ఊళ బాగా వినపడితే భయపడక్కర్లేదు. చాలా గేరుబాక్సుల్లో రివర్స్ గేరుకి పళ్లు నిటారుగా కోస్తారు, అది కొత్త బండిలోనూ అరుస్తుంది.

నా బండిలో స్ప్రింగు మోత పోయిన మర్నాడే ఈ రెండోది వినపడింది. అప్పటిదాకా పెద్ద మోత దీన్ని కప్పేసింది. రాడ్డు చుట్టూ పైన కనపడే తోలు తొడుగు అందానికే. దాని కింద, ఫ్లోర్‌కి అతుక్కుని లావుపాటి రబ్బరు తొడుగు ఇంకోటి ఉంటుంది, బయటి శబ్దాన్ని ఆపేది అది. కొత్త బ్రాకెట్ కొంచెం ఎత్తుగా ఉండటంతో ఒక పక్క దాని అంచు లోపలికి మడతపడింది. వేలు దూరేంత సందు. ఇంత సందుకి అంత శబ్దమా అని నాకూ నమ్మబుద్ధి కాలేదు. లెక్క ప్రకారం, అడ్డుగా ఉన్న గోడ ఎంత మందంగా ఉన్నా, దాని విస్తీర్ణంలో నూటికి ఒక వంతు కన్నం ఉంటే శబ్దం తగ్గింపు 20 డెసిబెల్స్ దాటదు. ఫ్లోర్ మీద వేల రూపాయల డ్యాంపింగ్ షీట్లు (అదురును మింగేవి) అతికించేముందు ఈ రబ్బరు అంచు చుట్టూ వేలు తిప్పి చూసుకోవడం మేలు.

షిఫ్టర్ మీద పడే నిందలు

కొన్ని శబ్దాలు షిఫ్టర్ మార్చాకే చెవిన పడతాయి, కానీ దానికి సంబంధం లేనివి. న్యూట్రల్‌లో ఐడిల్ మీద గలగలమని వినపడి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే, అది గేరుబాక్సు లోపలి శబ్దం. క్లచ్ తొక్కితే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ తిరుగుడును గేరుబాక్సులోకి తెచ్చే ఇరుసు) ఆగుతుంది కాబట్టి అదీ ఆగుతుంది. కొద్దిగా ఉండటం చాలా బండ్లలో మామూలే, రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం బేరింగులూ ఆయిల్ లెవలూ చూపించాలి. దీనికి భిన్నంగా, క్లచ్ తొక్కినప్పుడే కీచుమంటే అది క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్‌ది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు "దబ్"మని తగిలి రాడ్డు కూడా జరుగుతుంటే ఇంజిన్ మౌంటింగ్ రబ్బరు చూడండి. మౌంటింగ్ పోయిన బండికి ఎంత మంచి షిఫ్టర్ వేసినా మోగుతూనే ఉంటుంది.

రెండో గేరు వేసేటప్పుడు "కర్ర్"మంటే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. సింక్రో రింగు గేరునీ షాఫ్టునీ ఒకే వేగానికి తెచ్చాకే గేరు లోపలికి పోవాలి. షార్ట్ షిఫ్టర్‌తో చెయ్యి అలవాటైన వేగంలోనే కదిలితే, కింద పని అంతకంటే తొందరగా జరిగిపోతుంది, రింగుకి ఆ పని చేసే సమయం చాలదు. చెయ్యి నిదానిస్తే పోయే శబ్దమైతే అలవాటు మార్చుకుంటే సరిపోతుంది. నిదానంగా వేసినా కర్రుమంటే సింక్రో అరిగినట్టు, లేదా క్లచ్ పూర్తిగా విడవనట్టు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. షిఫ్టర్ మార్చాక కేబుల్ సర్దుబాటు సరిగా లేకపోతే గేరు పూర్తిగా లోపలికి పోదు. అంచు మీద పట్టుకుని నడుస్తుంది. అప్పుడు వచ్చే గరగర శబ్దంతో పాటు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు గేరు తనంతట తాను న్యూట్రల్‌లోకి జారిపోవచ్చు. సింహాచలం కొండ దిగుతూనో, అనంతగిరి ఘాట్‌లోనో ఇది జరిగితే ఇంజిన్ బ్రేకింగ్ (ఇంజినే బండిని పట్టి నెమ్మది చేయడం) పోతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. అందుకే ఇంజిన్ ఆపి ఉంచి, ప్రతి గేరూ వేసి, చివర రాడ్డు దేనికైనా తగిలి ఆగుతోందా, లేక తనంతట తాను పూర్తిగా వెళ్లి ఆగుతోందా చూడండి. తోలు తొడుగు తీసి చూస్తే, ఐదో గేరులోనూ రివర్స్‌లోనూ రాడ్డుకీ కన్సోల్ (రాడ్డు చుట్టూ ఉండే ప్లాస్టిక్ పెట్టె) అంచుకీ మధ్య ఖాళీ ఉండాలి. గేరు ఒక్కసారి జారినా సరే, కేబుల్ సర్దే వరకు బండి ఘాట్ ఎక్కించొద్దు.

ఉప్పు గాలి, బొగ్గు ధూళి

ఈ షిఫ్టర్లతో పాటు వచ్చే కాగితాల్లో మన ఊరి వాతావరణం గురించి ఏమీ ఉండదు. విశాఖలో సముద్రం వైపు ఆరుబయట నిలబెట్టే బండికి అల్యూమినియం బ్రాకెట్, ఇనుప బోల్టు జంట మంచిది కాదు. ఉప్పు తేమ తగిలితే రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీలాంటిది ఏర్పడి అల్యూమినియం తినేయబడుతుంది. బోల్టు తల చుట్టూ సున్నంలాంటి తెల్ల పొడి కనపడితే అది మొదలైనట్టే. పొడి రాలిన మేర బోల్టు పట్టు తగ్గుతుంది, మోత పుడుతుంది. స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే పోతుందనుకోవద్దు, అల్యూమినియానికి అదీ పొసగదు. బోల్టు తల కింద నైలాన్ వాషర్ వేస్తే బ్రాకెట్ బిగుతు చాలదు. మరలకీ తల కిందా పలచగా గ్రీజు రాసి, కొలిచి బిగించడం, ఆరు నెలలకోసారి చూసుకోవడం మంచిది. ఎం6 బోల్టుకి మామూలుగా 10 న్యూటన్ మీటర్ల లోపే బిగింపు. గ్రీజు రాసిన మరకి ఇంకొంచెం తక్కువ పెట్టాలి. అల్యూమినియంలో కోసిన మర అంతకు మించి బలం పెడితే లేచిపోతుంది.

జ్ఞానాపురం, వన్‌టౌన్, పోర్టు చుట్టుపక్కల తిరిగే బండ్లకి ధూళి ఇంకో బాధ. నౌకాశ్రయం దగ్గర బొగ్గు, ఖనిజాల ధూళి ఎంతుంటుందో అక్కడి ఇళ్ల డాబాల మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లకి తెలుసు. షిఫ్టర్ మోగుతోందని గ్రీజు దండిగా పూస్తే, ఆ ధూళి అంటుకుని ముద్దయి ఆకురాయిలా పనిచేస్తుంది. పాతది పూర్తిగా తుడిచి, గుండు మీద పలచగా ఒక్క పొర చాలు. లోహం మీద లోహం తిరిగే చోట లిథియం గ్రీజు, రబ్బరు తగిలే చోట సిలికాన్ గ్రీజు వాడండి. కొన్ని రకాల రబ్బరు పెట్రోలియం గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. కీచుమంటోందని తలుపు సందుల్లో కొట్టే స్ప్రే ఇక్కడ కొట్టొద్దు. అది ఉన్న గ్రీజును కడిగేస్తుంది, రెండు వారాల్లో కీచు మళ్లీ మొదలవుతుంది.

ఆటోనగర్‌లో లేతు మీద నైలాన్ బుష్షు చేయించుకోవడం తేలిక, చాలామంది చేయిస్తారు. అయితే నైలాన్ తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా సరిపోయిన బుష్షు వానాకాలంలో బిగుసుకుని, గేరు రాడ్డు మధ్యకి తిరిగి రాకుండా మొరాయిస్తుంది. అప్పుడు ఇసుక కాగితంతో రుద్ది వదులు చేస్తే, మళ్లీ వేసవికి అదే మోత. చేయించేటప్పుడే ఎసిటాల్ (ఇంకో రకం గట్టి ప్లాస్టిక్) కమ్మీతో చెయ్యమని అడగండి. డెల్రిన్ అంటే చాలామందికి తెలుస్తుంది. అది నైలాన్ కన్నా చాలా తక్కువ తేమ పీలుస్తుంది, కొలత నిలబడుతుంది.

బ్రాకెట్ కింది బుష్షుల విషయంలో నా అభిప్రాయం స్పష్టం. రోజూ ఆఫీసుకి వెళ్లి వచ్చే బండికి అక్కడ గట్టి అల్యూమినియం బుష్షులు వద్దు. గేరు పడే తీరులో వాటివల్ల వచ్చే లాభం కొంచెం, లోపలికి వచ్చే అదురు ఎక్కువ. రాడ్డు పొట్టిదే ఉంచి, కేబుల్ చివర్లలో గట్టి బుష్షులు ఉంచి, బ్రాకెట్ కింద మాత్రం కంపెనీ రబ్బరే పెడితే, చేతికి కావలసిన పట్టులో చాలావరకు ఉంటుంది, చెవికీ హాయి. నేను చివరికి అలాగే చేయించాను. స్ప్రింగు కాలికి పెట్రోల్ పైపు ముక్క తొడిగారు పెద్దాయన, రబ్బరు తొడుగు అంచు సరిచేశారు. ఎండాడ ఎత్తులో 2600 దగ్గర ఇప్పుడు ఇంజిన్ శబ్దం తప్ప ఏమీ లేదు. ఐదో గేరులో 80 దాటితే సన్నటి ఊళ కాస్త ఉంది, దాన్ని ఉండనిచ్చాను.

బ్రాకెట్ రబ్బర్లు నాలుగింటి కోసం మాత్రం తిరగాల్సి వచ్చింది. షిఫ్టర్ బిగించిన రోజున పాతవి షాపులోనే వదిలేసి వచ్చాను, మళ్లీ వెళ్లేసరికి అవి చెత్తలో పోయాయి. మీరు వేయించుకునేటప్పుడు తీసిన ప్రతి బుష్షు, క్లిప్పు, స్ప్రింగు తొడుగు ఒక కవర్‌లో కట్టి డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. బండి తీసుకునేముందు ఆ కవర్ విప్పి, పాత షిఫ్టర్ మీద ఉన్నవన్నీ లెక్క చూసుకోండి.